డీఏపీ వేస్తూ వామ్ కూడా వేయొచ్చా?

ప్రశ్న: టిష్యూకల్చర్ అరటి మొక్కలు నాటబోతున్నాం. గుంటలో డీఏపీ దండిగా వేయమని ఒకరు, వేర్లకి వామ్ శిలీంధ్రం పట్టించమని ఇంకొకరు చెప్తున్నారు. రెండూ కలిపి వేసేస్తే ఏమైనా ఇబ్బందా?

జవాబు: దండిగా డీఏపీ పోసి అక్కడే వామ్ వేస్తే వామ్ డబ్బులు దండగేనండి. ఎందుకో చెప్తాను. డీఏపీ అంటే ముఖ్యంగా భాస్వరం ఎరువు, వామ్ అంటే వేర్లలో చేరి మొక్కకి భాస్వరం అందించే మేలు చేసే శిలీంధ్రం. భాస్వరం నైట్రేట్ లాగా నీళ్లతో పాటు వేరు దగ్గరికి రాదు, వేసినచోటే దాదాపు అలా ఉండిపోతుంది, పైగా ఆమ్ల నేలల్లో ఇనుము, అల్యూమినియంతో, సున్నం ఎక్కువున్న నేలల్లో కాల్షియంతో బిగుసుకుపోతుంది. వేరు తన చుట్టూ ఒకట్రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది తాగేశాక ఇక అందదు, అరటికేమో వేర్లు లావు, నూగు తక్కువ. వామ్ పోగులు ఆ ఖాళీ దాటి సెంటీమీటర్ల దూరం పోయి భాస్వరం, జింక్ తెచ్చిస్తాయి, బదులుగా మొక్క ఆకుల్లో చేసుకున్న చక్కెరలో కొంత వాటికి పెడుతుంది. భాస్వరం ఎటూ వేరు పక్కనే కుప్పగా ఉంటే మొక్క ఆ చక్కెర ఎందుకిస్తుంది చెప్పండి, ఇవ్వదు, శిలీంధ్రం వేర్లలోకి సరిగా ఎక్కదు. డీఏపీలో ఎరువుల లెక్కన (P2O5 రూపంలో) 46 శాతం భాస్వరం ఉంటుంది కాబట్టి చేతికొద్దీ వేస్తే తొందరగానే ఎక్కువైపోతుంది, జింక్ లోపం కూడా బయటపడొచ్చు.

అసలు అరటి గెలకి పొటాష్ కావాల్సినంతగా భాస్వరం అక్కర్లేదు, ఈ మాట చాలామంది పట్టించుకోరు, నాకైతే అదే బాధ.

ముందు భూసార పరీక్ష చేయించండి. భాస్వరం ఎక్కువని వస్తే గుంటలో డీఏపీ మానేయండి, తక్కువని వస్తే మాత్రం వామ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, అది నేలలో ఉన్నది అందిస్తుందే గానీ లేనిది పుట్టించదు కదా, పరీక్షలో చెప్పినంత మోతాదు వేర్లకి తగలకుండా కాస్త పక్కగా వేయండి.

మీవి టిష్యూకల్చర్ మొక్కలంటున్నారు కాబట్టి వామ్ వేయడం మంచిదే. ల్యాబ్‌లో సూక్ష్మజీవులేవీ లేకుండా పెరుగుతాయి గనక వాటి వేర్లలో ఈ శిలీంధ్రం ఉండదు. నర్సరీలో కవర్లలో ఉన్నప్పుడే పట్టిస్తే ఇంకా బాగుంటుంది, అది కుదరకపోతే నాటేటప్పుడు వేర్లకి ఆనుకునేలా వేయండి, పైన చల్లితే లాభం లేదు, బతికున్న వేరు దొరకందే అది పెరగలేదు. పీఎస్‌బీ అనేది బ్యాక్టీరియా, బిగుసుకున్న భాస్వరాన్ని కరిగిస్తుంది, రెండూ కలిపి వాడుకోవచ్చు. వామ్ వేసిన మొదళ్లలో మాత్రం అవసరం లేకుండా కార్బెండజిమ్ లాంటి శిలీంధ్రనాశక మందు పోయకండి, తెగులు శిలీంధ్రంతో పాటు ఇదీ దెబ్బతింటుంది.