చదువు – ఉపాధి: ఏసీ మరమ్మతు, ఎక్స్‌రే కోర్సులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు. ఏసీ, ఫ్రిజ్ రిపేరు ఆరు నెలల్లో నేర్పి సర్టిఫికెట్ ఇస్తామని ఇక్కడి శిక్షణ కేంద్రం ఒకటి చెబుతోంది. ఐటీఐలో అదే పనికి రెండేళ్లు పడుతుందట. అంతకాలం చదివించడం దండగ కాదా?
– ఒక తండ్రి, పర్లాకిమిడి

జవాబు: దండగ కాదు. ఐటీఐలో ఈ ట్రేడు పేరు ‘రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్’. రెండేళ్లు పూర్తిచేసి పరీక్ష నెగ్గితే వచ్చే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది, అప్రెంటిస్‌షిప్‌కూ పనికివస్తుంది. ఆరు నెలల కాగితానికి ఆ విలువ లేదు. అయితే నేను రెండేళ్లు చదివించమనడానికి అసలు కారణం కాగితం కాదు, పని.

మన వీధుల్లో ఏసీ బిగించే తీరు గమనించండి. గొట్టాలు కలిపాక, లోపలి గాలిని వెళ్లగొట్టడానికి వాల్వు కాస్త తిప్పి, బుస్సుమని కొంత గ్యాసు వదిలేసి, పని అయిపోయిందంటారు. అలా చేస్తే గాలి కొంత పోతుంది గాని తేమ పోదు. మిగిలిన తేమ గ్యాసుతోనూ నూనెతోనూ కలిసి ఆమ్లంగా మారి కంప్రెసర్ మోటారులోని తీగచుట్టను (వైండింగును) మెల్లగా తినేస్తుంది. ఫ్రిజ్‌లోనైతే సన్నని కేపిల్లరీ గొట్టం కొన దగ్గర మంచుగా గడ్డకట్టి దారి మూసేస్తుంది. పద్ధతి తెలిసినవాడు ముందు నైట్రోజన్ ఎక్కించి, గొట్టాలను కలిపే ఫ్లేర్ నట్ల మీద సబ్బు నురగ రాసి బుడగలు లేస్తున్నాయేమో చూసి, తరువాత వాక్యూమ్ పంపు పెట్టి, గేజీ 500 మైక్రాన్ల (లోపల మిగిలిన ఒత్తిడిని చెప్పే కొలత) దిగువకు వచ్చేదాకా ఆగి, పంపు ఆపాక ఆ అంకె మళ్లీ పైకి పాకకపోతేనే గ్యాసు వదులుతాడు. ఈ ఓపిక చేతికి అలవాటు కావాలంటే ఒకే పనిని పదేపదే చేయించే వర్క్‌షాపు ఉండాలి.

గ్యాసుల సంగతి కూడా ఉంది. పాత ఏసీల్లో ఉండే, ఓజోన్ పొరకు చేటు చేసే ఆర్-22 గ్యాసు వాడకాన్ని, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశం 2030 నాటికి దాదాపుగా మానుకోవాలి. ఆర్-22 మండదు గనుక కొందరు పాత మేస్త్రీలు నోట్లో బీడీ పెట్టుకునే పని కానిచ్చేవారు. ఇప్పటి ఏసీల్లో వస్తున్న ఆర్-32 కొద్దిపాటిగా మండుతుంది; ఆర్-290 అయితే సాక్షాత్తు ప్రొపేన్, దాని దగ్గర బీడీ వెలిగిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఐటీఐలో చేర్చినా, మరెక్కడ చేర్చినా, ఫీజు కట్టే ముందు వర్క్‌షాపులోకి వెళ్లి ఒక బ్యాచ్‌కు ఎన్ని వాక్యూమ్ పంపులు, గొట్టాలను అతికించే బ్రేజింగ్ సెట్లు ఎన్ని ఉన్నాయో మీ కళ్లతో చూడండి. అద్దాల బీరువాలో తాళం వేసిన పరికరాలను లెక్కలోకి తీసుకోకండి.

ప్రశ్న: మా అమ్మాయి ప్లస్‌టూ సైన్సు పూర్తిచేసి, ఎక్స్‌రే, స్కానింగ్ డిప్లొమా చేస్తానంటోంది. రేడియేషన్ వల్ల పెళ్లయ్యాక పిల్లలు పుట్టరని బంధువులు అంటున్నారు. స్కానింగ్ నేర్చుకుంటే సొంతంగా సెంటర్ పెట్టుకోవచ్చని కాలేజీవారు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక తల్లి, గుణుపురం

జవాబు: ఇద్దరి మాటా నమ్మవద్దమ్మా.

ముందు బంధువుల మాట. ఎక్స్‌రే గొట్టం నుంచి కిరణాలు వచ్చేది బటన్ నొక్కిన ఆ లిప్తపాటే. తరువాత గదిలో ఏమీ మిగిలి ఉండదు. దూరం రెట్టింపయితే మోతాదు నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ పైన సీసపు అడ్డుగోడ, ఏప్రాన్ ఉండనే ఉన్నాయి. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం ఈ ఉద్యోగులకు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలిన రేడియేషన్ మోతాదు కొలత), ఏ ఒక్క ఏడాదిలోనైనా 30 దాటకూడదు. గర్భం దాల్చినట్టు ఉద్యోగిని తెలియజేస్తే, మిగిలిన నెలలన్నిటికీ కలిపి గర్భస్థ శిశువుకు ఒక్క మిల్లీసీవర్ట్ మించకుండా పని మార్చాలి. ఆ లెక్క కోసమే, తగిలిన మోతాదును నమోదు చేసే టీఎల్‌డీ బ్యాడ్జి ఇస్తారు; దాన్ని ఛాతీ మీద, ఏప్రాన్ లోపల పెట్టుకోవాలి. కొందరు డ్యూటీ దిగేటప్పుడు ఏప్రాన్‌తో పాటు బ్యాడ్జినీ ఎక్స్‌రే గదిలోనే వదిలేసి వెళతారు. అప్పుడు అది మనిషికి తగిలిన మోతాదు చెప్పదు, గది గోడకు తగిలింది చెబుతుంది. ఎంఆర్‌ఐలోనూ అల్ట్రాసౌండులోనూ ఇటువంటి కిరణాలే లేవు.

ఇక కాలేజీవారి మాట. గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టం ప్రకారం, గర్భిణులకు అల్ట్రాసౌండు చేసే అధికారం నిర్దేశిత అర్హతలున్న వైద్యులదే. విదేశాల్లో సోనోగ్రాఫర్లు (అల్ట్రాసౌండు చేసే టెక్నీషియన్లు) చేసే పనిని చూపించి ఇక్కడ సీట్లు అమ్మడం నాకు నచ్చని వ్యాపారం. డిప్లొమా చేసినవారు ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐ యంత్రాల మీద పనిచేస్తారు. రిపోర్టు రాసేది రేడియాలజిస్టు అనే వైద్యులు.

కోర్సుకు ఒడిశా పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందో లేదో కాగితం చూపించమని అడగండి, వారి నోటిమాటతో సరిపెట్టుకోకండి. బరంపురంలో పర్లాకిమిడి రాజావారు కృష్ణచంద్ర గజపతి పేరు పెట్టుకున్న ప్రభుత్వ వైద్య కళాశాలలో ఈ డిప్లొమా ఉంది. ముందు అక్కడ ప్రయత్నించండి. రోగుల రద్దీ ఉన్నచోటే ఈ పని వంటబడుతుంది. మామూలు ఛాతీ ఎక్స్‌రేనే తీసుకుంటే, రోగిని ఎక్స్‌రే గొట్టానికి సుమారు 180 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టి, రెక్క ఎముకల నీడ ఊపిరితిత్తుల మీద పడకుండా భుజాలు ముందుకు తోయించి, నిండుగా ఊపిరి పీల్చి బిగబట్టమని చెప్పాలి. ఆ మాట తెలుగులోనూ ఒడియాలోనూ, కొండ మీద నుంచి వచ్చిన ముసలమ్మకు సవర భాషలోనూ చెప్పగల పిల్ల మీ గుణుపురం వైపు ఆసుపత్రులకు ఎంతో అవసరం.

ప్రశ్న: ఏసీ ట్రేడులో ఐటీఐ చేసి ఒక షాపులో పనిచేస్తున్నాను. వేసవి పోతే పని ఉండడం లేదు. ఆసుపత్రుల్లో ఏసీవాళ్లకు అవకాశం ఉంటుందా?
– ఒక యువకుడు, రాయగడ

జవాబు: ఉంటుంది, ఏడాది పొడుగునా ఉంటుంది. ఎంఆర్‌ఐ యంత్రాల్లో అధిక భాగం −269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగిన తీగచుట్టల అయస్కాంతంతో పనిచేస్తాయి. ఆ చలిని నిలిపే కంప్రెసర్ వేడిని నీటి చిల్లర్ (నీటిని చల్లబరిచి తిప్పే యంత్రం) లాగేస్తుండాలి. అది గంటల తరబడి ఆగితే హీలియం ఆవిరై పోవడం మొదలవుతుంది, నష్టం లక్షల్లో ఉంటుంది. అందువల్ల చిల్లర్ తెలిసిన మనిషిని అర్ధరాత్రయినా పిలుస్తారు.

కాని ఒక్క జాగ్రత్త మరువవద్దు. కరెంటు పోయినా ఆ అయస్కాంతం ఆగదు. 2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని ఎంఆర్‌ఐ గదిలోకి వెళ్లిన యువకుణ్ణి సిలిండరుతో సహా యంత్రం లాగేసుకోవడంతో అతడు ప్రాణం కోల్పోయాడు. ఏసీ డక్టు చూడమని పిలిచినా, స్పానర్ల సంచి తలుపు బయటే పెట్టి, టెక్నీషియన్ అనుమతించాకే లోపలికి వెళ్లాలి.

షాపు అనుభవం స్ప్లిట్ ఏసీల వరకే కనుక, ముందుగా చిల్లర్ ప్లాంటు ఉన్న ఆసుపత్రిలో గాని, ఫ్యాక్టరీలో గాని అప్రెంటిస్‌గా ఏడాది చేయండి.