జిడ్డు కార్పెట్ పని ఒప్పుకున్న మా చిన్నాకి

చిన్నా,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు టెన్షన్ పట్టుకుంది. రాయగడలో అంత పెద్ద హోటల్ డైనింగ్ హాలు కార్పెట్ పని నీకు దొరికిందంటే సంతోషమే, కానీ వంటింటి చిమ్నీ కడిగే డిగ్రీజర్, అదే జిడ్డు వదిలించే మందు, ఐదు లీటర్ల డబ్బా కొనేశానన్నావు చూడు, దాని మూత మాత్రం తియ్యకు. చాలావాటిలో కాస్టిక్ సోడా ఉంటుంది. స్టీలు మీద మాడిన జిడ్డుకి అది పనికొస్తుంది గానీ కార్పెట్‌కి కాదు.

ఇరవై ఆరేళ్లు బరంపురం, గోపాల్‌పూర్ హోటళ్లలో హౌస్‌కీపింగ్ చేసినదాన్ని. కొత్తలో ఒక చోట ఉన్ని కార్పెట్ మీద అలాంటి ఘాటు మందే చల్లాను. తెల్లారేసరికి అది పసుపు తిరిగి, చేత్తో తడిమితే కొబ్బరి పీచులా గరుకుగా తగిలింది. డబ్బు నా జీతంలోంచే కోశారు. నీకు ఆ గతి పట్టకూడదనే ఇంత రాస్తున్నాను.

ముందు ఆ హోటల్ కార్పెట్ ఏ పోగుతో నేసిందో తెలుసుకో. సోఫా కింద ఎవరికీ కనపడని చోట నాలుగు పోగులు కత్తిరించి గ్లాసు నీళ్లలో వేసి, లోపల గాలి పోయేలా వేళ్లతో బాగా పిండి వదులు. పైకి తేలితే పాలీప్రొపిలీన్, అంటే ఒక రకం ప్లాస్టిక్ పోగు. మునిగితే ఇంకో రెండు పోగులు ఆరుబయట పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడు, వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద నలిగిపోతే ఉన్ని, కరిగి గట్టి పూసలా అయితే నైలానో పాలిస్టరో. పాలీప్రొపిలీన్‌కి నీటి మరకలు అంటవు గానీ నూనెని మాత్రం పట్టుకుని వదలదు, దానికి ఓపిక ఎక్కువ కావాలి.

ఇక మందు. వంట నూనె జిడ్డుకి క్షార గుణం ఉన్నది కావాలి, ఎందుకంటే క్షారం తగిలితే నూనె కొంత సబ్బుగా మారి నీళ్లతో పోతుంది. ఆ క్షారం ఘాటుని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, నైలాన్‌కైతే పీహెచ్ 10 దాకా ఉన్న కార్పెట్ ప్రీ-స్ప్రే, అంటే కడిగే ముందు చల్లే మందు, వాడొచ్చు, ఉన్నికైతే 8.5 దాటనివ్వకు. పదికీ పన్నెండుకీ తేడా రెండంకెలే కదా అనుకోకు, అది వంద రెట్లు ఎక్కువ ఘాటు. లారీ గ్రీజు, రోడ్డు తారు లాంటివి మాత్రం క్షారానికి లొంగవు, వాటికి నారింజ తొక్కల నూనెతో చేసిన సాల్వెంట్‌ని గుడ్డకి అద్దుకుని మరక మీద మాత్రమే ఒత్తాలి. కార్పెట్ మీద నేరుగా పోశావంటే అడుగున ఉన్న జిగురు కరిగి పొర ఊడిపోతుంది. ఏ మందైనా ముందు మూలన చిన్న చోట వేసి, ఆరాక తెల్ల గుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడు. బ్లీచింగ్ జోలికి పోకు. అది ఉన్నిని తినేస్తుంది, దానికి యాసిడ్ గానీ వెనిగర్ గానీ కలిసిందంటే వచ్చే క్లోరిన్ గ్యాస్ ప్రాణం మీదికి తెస్తుంది.

తడి చేసే ముందు వాక్యూమ్ నిదానంగా, అటూ ఇటూ రెండు దిక్కులా లాగు. పొడి దుమ్ము ఉండగా తడిపితే బురద అవుతుంది. ఆ తర్వాత డబ్బా మీద రాసిన కొలతకే మందు కలుపు, 1:20 అంటే లీటరు నీళ్లకి 50 మిల్లీలీటర్లు. చిక్కగా కలిపితే బాగా పోతుందనుకుంటారు, అదే తప్పు. చల్లి, బ్రష్షుతో కదిపి, పది నిమిషాలు వదిలెయ్. ఆ పది నిమిషాలు చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు, కానీ మందు పని చేసేది అప్పుడే. ఆరిపోతుంటే కాస్త నీళ్లు చిలకరించు, అంతే.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది కడగడం గురించి. వంటింటి తలుపు దగ్గర సర్వర్లు నడిచే దారి నల్లగా ఉంటుంది కదా, శుభ్రం చేసిన పదిహేను రోజులకే అదే దారి మళ్లీ నల్లబడితే ఓనరు నిన్నే తిడతాడు. కొత్త మురికి కంటే నువ్వు వదిలేసిన సబ్బే దానికి కారణం. ఆ బంక మీద ప్రతి చెప్పు మురికీ అతుక్కుంటుంది. అందుకని నైలాన్‌కైతే బాగా వేడి నీళ్లతో, ఉన్నికైతే గోరువెచ్చని నీళ్లతో, నీళ్లు చల్లి వెనక్కి పీల్చే మెషిన్ పెట్టి లాగు, చివరిసారి నీళ్లలో ఐదు లీటర్లకి ఒక కప్పు తెల్ల వెనిగర్ కలుపు. మెషిన్ వెనక్కి లాగిన నీళ్లని ఒక సీసాలో పట్టి ఊపి చూడు, నురుగు నిలిస్తే ఇంకోసారి కడగాలి. నేను ఇప్పటికీ సీసా పట్టకుండా పని అయిందని సంతకం పెట్టను.

నీళ్లు వదలకుండా ఒట్టి మెషిన్‌తో రెండు మూడుసార్లు పీల్చు. తడి ఎక్కువైతే అడుగున ఉన్న మురికి ఆరేటప్పుడు పైకి పాకి మళ్లీ మరకలా తేలుతుంది. ఈ వానల్లో తొందరగా ఆరదు, రాత్రంతా ఫ్యాన్లు తిప్పు, కుర్చీ కాళ్ల కింద ప్లాస్టిక్ ముక్కలు పెట్టు, లేకపోతే తుప్పు మరక దిగుతుంది.

ముందు ఆ నాలుగు పోగులు కత్తిరించి నీళ్లలో వేసి, తేలాయో మునిగాయో ఈ రాత్రికే చెప్పు. దాన్ని బట్టి ఏ మందు కొనాలో చెబుతాను. చిమ్నీ డబ్బా సీలు తియ్యకపోతే షాపువాడు వెనక్కి తీసుకుంటాడేమో అడుగు.

మీ పెద్దమ్మ
బరంపురం