శేషం ఎటు పోయిందో రాయి

అమ్మా,

సీ ప్రోగ్రామింగ్ భాషలో శాతాలు కట్టడం మీద నువ్వు రాసిన అధ్యాయం చదివాను. భాష శుభ్రంగా ఉంది. కానీ చివర్లో “పూర్ణాంకాలతో శాతాలు సరిగా రావు, ఫ్లోట్ (దశాంశ సంఖ్యల రకం) వాడేయండి” అని ఒక్క ముక్కలో తేల్చేశావు చూడు, అక్కడ కోపం వచ్చింది. కాగితం మీద చేసి చూశాకే రాశావా ఆ మాట?

పలాస పిల్లవి, జీడిపప్పు లెక్కే తీసుకో. 80 కిలోల పిక్కలకు 21 కిలోల పప్పు వచ్చిందనుకుందాం. సీలో 21 / 80 * 100 అని రాస్తే సున్నా వస్తుంది. ముందే భాగించావు గనక భిన్నం మొత్తం పోయింది. 21 * 100 / 80 అని రాయి, 26 వస్తుంది. రెండు దశాంశాలు కావాలంటే 100 బదులు 10000తో గుణించి 80తో భాగించు, 2625. దాన్ని 100తో భాగిస్తే 26, శేషం 25. మధ్యలో చుక్క పెడితే 26.25. ఇందులో ఫ్లోట్‌తో పనేముంది? దానిలో 0.1 కూడా కచ్చితంగా ఇమడదు.

నేర్చుకునేవాడు తడబడేది శేషం దగ్గరే. 2000 కిలోలకు 521 కిలోలు వస్తే 2605, దాన్ని 100తో భాగిస్తే 26, శేషం 5. రెండు స్థానాలకు సున్నాతో నింపమని చెప్పకపోతే 26.05 బదులు 26.5 అని పడుతుంది. అంటే 9 కిలోల పప్పు తేడా. మీ ఊళ్ళో ఏ వ్యాపారి ఒప్పుకుంటాడు?

సరిగ్గా ఈ సంగతే నేనొక పత్రికకు రాశాను. ఇంట్లో కంప్యూటర్ లేని రోజులు. విజయనగరంలో కోట దగ్గర ఇన్‌స్టిట్యూట్‌లో గంటలెక్కన డబ్బు కట్టి, ప్రతి అంకె సరిచూసి పంపాను. అంకెలుంటే పాఠకులు పేజీ తిప్పేస్తారని ఎడిటర్ ఆ పేరా కోసేశారు. ప్రోగ్రాం మాత్రం అచ్చయింది, శేషం ముందు ఆ సున్నా ఎందుకో చెప్పకుండా. ఇప్పటికీ మండుతుంది. పాఠకుడు లెక్క చేయలేడనుకునేవాళ్ళు పాఠాలు ఎందుకు వేస్తారు? ఇప్పుడొచ్చిన “సింపుల్‌గా చెప్పండి” ఫ్యాషనూ అదే. నువ్వు దానికి లొంగొద్దు.

ఇంకొకటి వదిలేశావు. అదే 521 కిలోలను గ్రాముల్లో పెట్టి 10000తో గుణిస్తే 521 కోట్లు. సీలో మామూలుగా వాడే పూర్ణాంకాల రకం, 32 బిట్ల ‘ఇంట్’లో పట్టేది 214 కోట్ల పైచిల్లరే. 64 బిట్లది తీసుకోమని రాయి. మొత్తం బరువు సున్నా అయితే భాగహారం దాకా వెళ్ళనివ్వకూడదనీ రాయి.

పుస్తకం ఎవరు వేస్తారన్నది తర్వాత చూద్దాం. అధ్యాయం తిరగరాసి, నువ్వు చేత్తో చేసిన లెక్కల కాగితాలు కూడా జతచేసి పంపు.