పోస్టర్ బాగుందా అని అడక్కండి

ప్రశ్న: అనకాపల్లి దగ్గర మాకో చిన్న కుట్టు యూనిట్ ఉంది. ఇరవై మంది మెషిన్ ఆపరేటర్లు కావాలి. రెండు పోస్టర్లు డిజైన్ చేయించాం. ఒకదాంట్లో నవ్వుతున్న అమ్మాయి ఫొటో, పైన ‘మీ కలలకు రెక్కలు’, కింద ‘ఆకర్షణీయమైన జీతం’. రెండోదాంట్లో ఫొటో లేదు, పసుపు మీద నల్లక్షరాలు, అంతే. మావారికీ సూపర్‌వైజర్లకీ మొదటిదే నచ్చింది. అచ్చు వేయించే ముందు, పనికి వచ్చేవాళ్లకే చూపించి తేల్చుకుందామని నా ఆలోచన. ఎంతమందికి చూపించాలి, ఏమని అడగాలి?

జవాబు: బాగుందా అని మాత్రం అడక్కండి. ఎదురుగా నిలబడి అడిగితే బాగాలేదని ఎవరంటారు? ‘బాగుందండి మేడం’ అనేసి వాళ్ల దారిన వాళ్లు పోతారు, మీరేమో దాన్ని ఓటు కింద రాసుకుంటారు. మీ సూపర్‌వైజర్ల మాట కూడా పక్కన పెట్టండి. జీతమెంతో, షిఫ్టు ఎప్పుడో వాళ్లకి ముందే తెలుసు కాబట్టి పోస్టర్‌లో లేనిది కూడా వాళ్లకి కనిపిస్తుంది.

పొద్దున్నే అచ్యుతాపురం వైపు కంపెనీ బస్సుల కోసం నిలబడే అమ్మాయిలున్నారు, ఊళ్లో టైలరింగ్ నేర్చుకుంటున్నవాళ్లున్నారు, వాళ్లలో కొందరిని పట్టుకోండి. పోస్టర్ ఐదు సెకన్లు చూపించి వెనక్కి తిప్పేయండి. ఏం పని, ఎక్కడ, జీతమెంత, ఎవరికి ఫోన్ చేయాలి అని అడిగి వాళ్లు ఏ మాట వాడితే ఆ మాటే రాసుకోండి. ‘బ్యూటీ పార్లర్ అనుకున్నానండి’ అని ఒక్కరన్నా ఆ నవ్వే అమ్మాయి ఫొటో సంగతి తేలిపోతుంది. ఒక మనిషికి ఒక పోస్టరే చూపించండి, రెండూ పక్కపక్కన పెడితే ఏది అందంగా ఉందా అని చూడటం మొదలుపెడతారు.

తర్వాత పోస్టర్ చేతికిచ్చి, ఇది చూసి ఇంట్లో ఏం చెబుతావు, అమ్మ ఏం అడుగుతుంది అని కదపండి. అసలు సరుకు ఇక్కడే దొరుకుతుంది. రాత్రి ఎన్నింటికి వదులుతారు, బస్సు ఉందా, పీఎఫ్ ఈఎస్ఐ ఉన్నాయా, నెల జీతమా పీస్ రేటా, ముందు ఏమైనా డబ్బు కట్టాలా అని వరసపెట్టి అడుగుతారు. ఉద్యోగాల పేరుతో డబ్బు గుంజే మోసాలు ఇన్ని చూశాక ఆ చివరి ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఇక ‘ఆకర్షణీయమైన జీతం’ అంటే ఏం అర్థమైందో తప్పకుండా అడగండి. నాకైతే చెప్పుకోదగ్గంత కాదనే అర్థమవుతుంది! నా అనుమానం, మీ రెండు డిజైన్లలోనూ అంకె లేకపోవడమే పెద్ద లోటు, రంగు సంగతి ఆ తర్వాత.

మాటలు కూడా పరీక్షించాల్సినవే. వాటర్లూ, డ్యూక్ యూనివర్సిటీల పరిశోధకులు 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. నాయకత్వం, పోటీతత్వం లాంటి ‘మగ’ మాటలు ఎక్కువున్న ప్రకటనలు ఆడవాళ్లని అంతగా లాగలేదట, ఆ పని చేతకాదని కాదు, అక్కడ మనం ఇమడలేమనిపించి.

ఎంతమంది అంటారా, జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లోనే వెబ్‌సైట్ల గురించి రాస్తూ ఐదుగురితో పరీక్షిస్తే చాలా లోపాలు బయటపడతాయన్నారు. పోస్టర్‌కీ అలాగే మొదలుపెట్టండి, ఐదుగురికి చూపించి, దిద్ది, మళ్లీ కొత్త ఐదుగురికి చూపించండి. అయితే ఇది తప్పులు పట్టుకోవడానికే, ఏది గెలిచిందో తేల్చడానికి ఐదుగురు చాలరు. వాళ్ల టైమ్‌కి టీ, టిఫిన్ ఖర్చు మీదే.

ప్రశ్న: ఇదంతా ఎందుకు, రెండూ అతికించేసి దేనికి ఎక్కువ ఫోన్లు వస్తే అది ఉంచుకుంటే పోలా? (ఇది మావారి ప్రశ్న.)

జవాబు: చేయొచ్చండీ. ఒక్కో పోస్టర్ మీద ఒక్కో నంబర్ వేయించండి. ఒకటి బస్టాండ్‌లో, ఇంకోటి సందు చివర అతికిస్తే మీరు పరీక్షించింది గోడల్ని అవుతుంది కాబట్టి వారం తర్వాత చోట్లు మార్చండి. ఫోన్లు లెక్కపెట్టి ఆగిపోవద్దు, ట్రయల్‌కి ఎంతమంది వచ్చారు, నెల తర్వాత ఎంతమంది మిగిలారు అన్నది కూడా నంబర్ వారీగా రాసి పెట్టుకోండి. రెండు ఫోన్లూ ఒకే మనిషి దగ్గర ఉంచండి, ఒకటి ఛార్జింగ్ లేక ఆగిపోతే ఆ పోస్టర్ పాపం ఊరికే ఓడిపోతుంది.