తలకు కరెంటు పెట్టే చికిత్సకు ఇప్పుడే డబ్బు కట్టకండి

మీ తమ్ముడికి వెన్నుపాము దెబ్బతిని ఏడాదైంది, కాళ్లలో కాస్త కదలిక ఉంది, తలకు కరెంటు పెట్టి నడిపిస్తామని ఒక క్లినిక్‌వాళ్లు లక్షలు అడుగుతున్నారు, కట్టాలా అన్నారు కదా. వద్దండి, ముందు ఇది చదవండి.

వాళ్లు చూపిస్తున్నది బహుశా 2024 డిసెంబరులో స్విట్జర్లాండ్ లోజాన్ నుంచి వచ్చిన ఫలితం. పరిశోధకుడు గ్రెగ్వార్ కూర్టిన్, న్యూరోసర్జన్ జోస్లిన్ బ్లాక్ బృందం ఆపరేషన్ చేసి, మెదడు లోతున ఉండే హైపోథలామస్ అనే భాగంలో పక్కవైపున ఎలక్ట్రోడ్లు (కరెంటు ఇచ్చే సన్నని తీగలు) పెట్టి, కరెంటు ఇస్తూ నడక సాధన చేయించింది. నడక మెరుగైంది, కరెంటు ఆపాక కూడా కొంత నిలిచింది. నిజంగా గొప్ప విషయమే. కానీ చేసింది ఇద్దరికే, ఆ ఇద్దరికీ వెన్నుపాము పూర్తిగా తెగలేదు, మిగిలిన నరాలను మెదడు గట్టిగా వాడుకునేలా చేయడమే అక్కడి కిటుకు. పైగా అక్కడ ఇచ్చింది ఉత్త కరెంటు కాదు, దాంతోపాటు నడక సాధన కూడా చేయించారు.

తల మీద అయస్కాంతం పెట్టే టీఎంఎస్ అనే చికిత్స దీనికంటే వేరు, దానికి ఆపరేషన్ అక్కర్లేదు. కానీ దానికి ముందు, ఫిట్స్ ఉన్నా, తలలో లోహపు క్లిప్పులాంటివి ఉన్నా డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

ముందు డాక్టరుతో ఆసియా (ASIA) గ్రేడు, అంటే వెన్నుపాము గాయం ఎంత తీవ్రమో చెప్పే గ్రేడు, రాయించుకోండి. గ్రేడు 'ఏ' అంటే పూర్తి గాయం, 'సీ', 'డీ' అయితే కండరాల్లో కదలిక మిగిలినట్టు. ఆ కాగితంతో వెల్లూరు సీఎంసీ రిహాబ్ విభాగంలో రెండో అభిప్రాయం అడగండి. ఈలోపు ఫిజియో ఒక్కరోజు కూడా ఆపకండి, ఒకేచోట పడుకుని ఉండటం వల్ల పుండ్లు పడకుండా చూసుకోండి. గ్రేడు తెలిశాక ఇక్కడ పెట్టండి, ఆ క్లినిక్‌ను ఏమేం అడగాలో చెప్తాను.