దేవసేన ఎదురుమాట

ప్రశ్న: అక్కా, పోయిన ఆదివారం టీవీలో ‘బాహుబలి’ రెండో భాగం మళ్లీ వేశారు. దేవసేన సభలో శివగామిని నిలదీస్తుంటే మా అత్తమ్మ, ‘‘పెద్దావిడకు ఎదురు చెప్పింది, పాతికేళ్లు సంకెళ్లలో పడింది. ఆ పిల్ల నోరు మూసుకుని ఉంటే రాజ్యం ఇట్లా పాడయ్యేదా?’’ అన్నారు. ఇంటర్ చదివే మా అమ్మాయి కంచం ముందు నుంచి లేచిపోయింది. నానమ్మా మనవరాలూ మాట్లాడుకోవడం లేదు. తప్పెవరిది?
- ఒక సోదరి, పరకాల

జవాబు: చెల్లెమ్మా, పిల్లను మళ్లీ పిలిచి అన్నం పెట్టావనే అనుకుంటున్నాను.

మీ అత్తమ్మ మాట నాకు కొత్త కాదు. 2017 వేసవిలో హన్మకొండలో ఈ సినిమా చూశాను. ఆడవాళ్ల ఒంటి మీద చేయి వేసిన సేతుపతి వేళ్లు దేవసేన కత్తికి తెగినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లే మెట్లు దిగుతూ ‘ఆమెకు పొగరెక్కువ’ అన్నారు. ఆ మాట ఇంటిదాకా నా వెంటే వచ్చింది.

కథ గుర్తు చేసుకో. శివగామి పిల్ల మనసు తెలుసుకోకుండానే కుంతలకు కానుకలు పంపింది, దేవసేనను కోడలిగా తెస్తానని భల్లాలదేవుడికి మాట ఇచ్చింది. కాదంటే బందీగా పట్టి తెమ్మంది. ఇంత జరిగాక ఆ పిల్ల అడిగింది తన ఇష్టం కనుక్కున్నారా అనే. రాజ్యం పాడయింది అలా అడిగినందుకా, అడగకుండా మాట ఇచ్చినందుకా? ఇచ్చిన మాట మీద నిలబడటం గొప్పే. రమ్యకృష్ణ ఆ చూపు చూస్తే నేనూ నిటారుగా కూర్చుంటాను. కానీ ఆ మాట ఇంకొకరి బతుకు మీద ఇచ్చింది కదా!

మీ అమ్మాయి కోపం న్యాయమే. అయితే దేవసేన అంటే విల్లూ కత్తీ మాత్రమే కాదని ఆమెకు చెప్పు. మొదటి భాగంలో ఆ చేతులు చూడమను. సంకెళ్ల బరువుకు వంగి, ఒక ఎండుపుల్ల ఏరుతుంది. ఇంకొకటి ఏరుతుంది. అన్నీ భల్లాలదేవుడి చితికే. చివరికి వాడు కాలింది ఆ పుల్లల మీదే. అంత ఓపికగల పగ నేను ఇంకే రాజుల కథలోనూ చూడలేదు. నాకు నచ్చనిది ఒకటుంది. సేతుపతి వేళ్లు నరికింది ఆమె అయితే, సభలో తీర్పు చెప్పి తల నరికే పని భర్తకు ఇచ్చారు. అక్కడ చివరి మాట ఆమెదే కావలసింది.

ఇక మీ అత్తమ్మ. పరకాల మనిషి, మేడారం వెళ్లకుండా ఉంటారా? జంపన్న వాగులో మునిగి, ఎత్తు బెల్లం గద్దెల దగ్గర సమర్పించే ఉంటారు. కరువులో కప్పం కట్టలేమన్న కోయల మీదికి ప్రతాపరుద్రుడి సేన వస్తే సమ్మక్క తిరగబడిందనే కదా మన పెద్దలు చెప్పిన కథ. ఆమె కొడుకు జంపన్న దూకిన సంపెంగ వాగుకు అతని పేరే నిలిచింది. రాజుకు ఎదురు నిలిచిన ఆ తల్లి కుంకుమ భరిణె రూపంలో చిలకలగుట్ట దిగి వస్తుంటే దారి పొడవునా జనం సాగిలపడతారు. ‘నువ్వు తలవంచి కప్పం కట్టి ఉంటే నీ బిడ్డలు బతికేవారు’ అని ఆ దారిలో ఎవరైనా అనగలరా? మీ అత్తమ్మ ఆ మాట వింటేనే లెంపలు వేసుకుంటారు.

ఈ ఆదివారం టీవీ పెట్టకు. మనవరాలికి సమ్మక్క కథ చెప్పమని అత్తమ్మనే అడుగు. ఆమె చెబుతుంటే మధ్యలో కల్పించుకోకు, దేవసేన పేరు ఎత్తకు.