కసరడం రాని డాన్స్ టీచర్

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. బీకాం రెండో ఏడాది చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటున్నాను. ఇప్పుడు మా గురువుగారి దగ్గరే చిన్నపిల్లలకు అడుగులు చెబుతున్నాను. డాన్స్ టీచర్‌గా స్థిరపడాలని ఉంది. కానీ నాకు కసరడం రాదు. భయం లేకపోతే పిల్లలకు విద్య రాదంటారు అందరూ. నేను పనికొస్తానా?

జవాబు: నిక్షేపంగా పనికొస్తారు. అయితే మెత్తగా మాట్లాడితే చాలనుకోకండి. పిల్లల ఒంటినీ మనసునూ గమనిస్తూ నేర్పడం వేరే విద్య, పనిగట్టుకుని నేర్చుకోవాలి.

అరమండినే (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమ) తీసుకోండి. "ఇంకా కూర్చో" అని అరిస్తే పిల్ల పాదాలను బలవంతంగా పక్కలకు తిప్పి కూర్చుంటుంది, మెలిక మోకాలి మీద పడుతుంది. తిరగాల్సింది తుంటి దగ్గర. అది అందరికీ ఒకేలా తిరగదు. కాస్త పైకి లేపి, మోకాలు కాలివేళ్ల వైపే ఉందో లేదో చూసి, ఆ ఎత్తులోనే అడుగు వేయించండి. చెయ్యి వేసి సరిచేయాలంటే ముందు "పట్టుకోనా?" అని అడగండి. వద్దంటే మీరే చేసి చూపించండి. పన్నెండు, పదమూడేళ్లకు ఒక్కసారిగా పొడుగయ్యే పిల్లలు నిన్నటిదాకా వచ్చిన అడుగులోనే తడబడతారు. దాన్ని బద్ధకం అనకండి. సెల్లార్‌లో గ్రానైట్ నేల మీద గంటసేపు తట్టాక కాళ్లు నొప్పులంటే అది నాటకమూ కాదు. లావు, నలుపు అనే మాటలు క్లాసులో వినపడకూడదు, మేకప్ వేసే రోజు కూడా.

తాళం తప్పితే మాత్రం తప్పిందనే చెప్పాలి, మళ్లీ వేయించాలి. అక్కడ మొహమాటం వద్దు. (పిల్లలకన్నా, "స్టేజీ ఎప్పుడు ఎక్కిస్తారు?" అని మూడో నెలలోనే అడిగే తల్లిదండ్రులతోనే మీకు ఎక్కువ టెన్షన్!)

ఇక చదువు. రామకోటిలోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులున్నాయి. డిగ్రీ తర్వాత గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నృత్యంలో ఎంపీఏ (మాస్టర్ ఆఫ్ పర్‌ఫార్మింగ్ ఆర్ట్స్) చేయవచ్చు. ఆపైన పర్‌ఫార్మింగ్ ఆర్ట్స్‌లో యూజీసీ నెట్ (కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష) రాస్తే అధ్యాపక ఉద్యోగాల వైపూ దారి ఉంటుంది. స్కూల్లో చేరితే మీ పద్ధతే చట్టం కోరేది కూడా: 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది.

గురువుగారితో వాదన పెట్టుకోకండి. మీకు అప్పగించిన బ్యాచ్‌లో మీ పద్ధతి మొదలుపెట్టండి. బీకాం మాత్రం ఆపొద్దు. రేపు సొంత క్లాసు పెడితే హాలు అద్దె, ఫీజుల లెక్కలు చూసుకోవాల్సింది మీరే.